పచ్చగా మెరిసిన నా ఘనకార్యం

కుర్రతనంలో మనిషికి బుర్ర కన్నా ముందు ఫోను కదులుతుందని నా అనుభవం. ఆ రోజుల్లో నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను. జూలూరుపాడు దగ్గరి మా తండా నుంచి ప్రయోగశాల దాకా వెళ్లిన మొదటి మొనగాణ్ణి కదా, కాళ్లు నేల మీద ఆనేవి కావు. నా పని చెప్పడానికి తేలిక. మంచి జన్యువును ఒక పాలిమర్‌లో పొట్లం కట్టి జబ్బుపడిన కణంలోకి పంపాలి. లోపలికి వెళ్లాక ఆ పొట్లం దానంతటదే కరిగిపోవాలి, ఒంట్లో చెత్త మిగలకూడదు. చేయడమే కుదరలేదు. నా పొట్లాలన్నీ కణం గుమ్మం దాకా వెళ్లి, పిలవని పెళ్లికొచ్చిన చుట్టాల్లా అక్కడే నిలబడేవి. మా గైడుగారు అప్పుడప్పుడూ వచ్చి "ఇంకా ఏం లేదా?" అని నిట్టూర్చి పోయేవారు (ఆయన చేసిన మార్గదర్శకత్వం మొత్తం ఆ ముక్కే).

పొట్లం లోపలికి చేరిందో లేదో తెలియడానికి, ముందుగా అందులో మందు జన్యువు కాకుండా కణాన్ని పచ్చగా మెరిపించే జన్యువు పెడతాం. ఒక సాయంత్రం మైక్రోస్కోపులో చూద్దును కదా, పళ్లెం నిండా పచ్చటి మెరుపులు! బుద్ధి ఉన్నవాడైతే పక్కన ఇంకో పళ్లెంలో ఖాళీ పొట్లాలు వేసి పోల్చి చూస్తాడు. నేను ఫొటో తీసి మా లీడర్ మామకు పంపాను. ఈ మామ సారపాక కాగితం మిల్లుకు జామాయిలు కర్ర లోడ్లు తోలతాడు. ఎవరికి ఏ మంచి జరిగినా దాని పక్కన తన బొమ్మ ఉండాలన్నదే ఆయన జీవితాశయం. వారం తిరిగేసరికి ఊరి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. మామ నిలువెత్తున నమస్కారం పెడుతున్నాడు, కింద మూలన తపాలా బిళ్లంత నేను. "సికిల్ సెల్‌కు మందు కనిపెట్టిన మన బిడ్డ" అట! రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే ఆ జబ్బు మా అడవి పక్క ఊళ్లలో చాలా ఇళ్లలో ఉంది. నేను మందు అన్న మాటే అనలేదు. కాదని కూడా అనలేదు, అంతటి నిజాయితీపరుణ్ణి.

ఆదివారం టెంటు వేసి సన్మానం. నడి ఎండాకాలంలో మనిషికి ఉన్ని శాలువా కప్పి చప్పట్లు కొట్టడం మనవాళ్లకే చెల్లింది. నేను లోపల ఉడుకుతూ, పైకి మేధావిలా చూస్తూ కూర్చున్నాను. అప్పుడే ల్యాబు నుంచి సీనియర్ అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, నీ ఖాళీ పొట్లాలేసి చూసిన. అవి గూడ పచ్చగనే మెరుస్తున్నయ్. నీ పాలిమర్ ఇషమై కణాలు సచ్చినయ్‌రా. సచ్చినయి ఉత్తగనే గట్ల మెరుస్తయ్."

ఫోన్ జేబులో పెట్టేలోపే మా చిన్నమ్మ తన కూతుర్ని నడిపించుకుంటూ స్టేజీ దగ్గరికి వచ్చింది. పిల్లకు సికిల్ సెల్. కుంటుతోంది, మొహం పీక్కుపోయింది.

"బాబూ, నీ మందు వస్తదని గోలీలు ఆపేసిన. గిప్పుడు కీళ్లు నొస్తున్నయని ఒకటే ఏడుపు. సూది ఎప్పుడేస్తవ్?"

పక్క కుర్చీలోంచి ఫోన్ మాటలన్నీ విన్న మామ గబుక్కున మైకు మూసి నా చెవిలో గొణిగాడు. "అల్లుడూ, నెల దినాలాగి చెప్పరాదు? పెద్ద సార్లను గూడ పిలిచిన."

ఆయన సంగతి సరే, ఒక్క క్షణం నేను కూడా నెల దినాలు లెక్క వేశాను. అంత గొప్పవాణ్ణి! పిల్ల నిలబడలేక స్టేజీ కర్ర పట్టుకుంది. మైకు లాక్కున్నాను. "మందు లేదు. నేను చేసింది కణాల్ని చంపింది. చిన్నమ్మా, గోలీలు ఆపొద్దు. జల్దీ దవాఖానాకు పోదాం."

ముందు వరసలో ఒక పెద్దాయన పక్కవాణ్ణి అడిగాడు. "మరి శాలువ వాపస్ ఇస్తడా?"

మామ కారులోనే కొత్తగూడెం వెళ్లాం. ఆయన మమ్మల్ని దింపి వెనక్కి పోయి, ఫ్లెక్సీ మీద నా బొమ్మకు కాగితం అంటించి, తన నమస్కారం మాత్రం ఉంచుకున్నాడు. డాక్టరమ్మ పిల్లకు సెలైన్ పెట్టి, చిన్నమ్మను దులిపేసింది. నొప్పి తగ్గాక ఆ పిల్ల నావైపు చూసింది.

"అన్నా, నీ మందు ఎప్పటికైతది?"

"తెల్వది, చెల్లె."

"గట్లయితే గోలీ ఇయ్యి," అని చెయ్యి చాపింది.

ఇచ్చాను. ఇప్పుడు ఆమె డిగ్రీ చదువుతోంది, గోలీలు వాడుతూనే ఉంది. నా పొట్లాలు తర్వాత కరగడం నేర్చుకున్నాయి కానీ, మనిషి దాకా ఇంకా రాలేదు. దవాఖానా బల్ల మీద చెమటలు కక్కుతూ కూర్చున్న ఆ కుర్ర మేధావిని తలచుకుంటే ఇప్పటికీ నాకు చీదరే. కానీ మైకు లాక్కుని నిజం చెప్పింది కూడా వాడే. అందుకే వాణ్ణి పూర్తిగా తిట్టలేక, చిన్నగా నవ్వి ఊరుకుంటాను.