మా గల్లీలకు వచ్చిన మైకు ఆటో

మా గల్లీల సగం కంపెనీ క్వార్టర్లు, సగం రేకుల ఇండ్లు. నడుమ మోరి. వాన పడిందంటే మోరినీళ్లు రేకుల ఇండ్లల్లకే వస్తయి. కంపెనీ ఆఫీసుకు పోతే మున్సిపాలిటోళ్లను అడుగుమన్నరు. మున్సిపాలిటోళ్లు అది కంపెనీ జాగ అన్నరు. తిరిగీ తిరిగీ ఏసారిపోయి, గల్లీ ఆడోళ్లందరు బట్టలు కుట్టుకునే నన్ను పట్టుకున్నరు. "ఈసారి ఎలక్షన్ల మన డివిజన్ ఆడోళ్లకొచ్చింది. నువ్వు నిలబడు" అన్నరు. ఏ పార్టీ అండ లేకుంట ఇండిపెండెంటుగ నామినేషన్ వేసిన.

అందరికంటె ముందు నాతోని నడిచింది పక్క క్వార్టర్ వదినె. ఆమె భర్త బొగ్గుబాయిల పనిచేసేటోడు. నాకు తోడబుట్టినోళ్లు లేరు, ఆయన్నే అన్నా అని పిలిచేదాన్ని. మైకు పెట్టుమన్నది గూడ ఆయనే. "ఎన్ని గడపలు తొక్కుతవు చెల్లె? ఆటో తిప్పితే జల్ది అందరికి ఎర్కయితది" అని, తనే పోయి ఆటో మాట్లాడుకొచ్చిండు. ఫోటో స్టూడియోల కూసోని నా గొంతు రికార్డు చేపిచ్చినం. 'నేను మీ ఇంటి ఆడబిడ్డను, ఒక్కసారి ఆశీర్వదించుండ్రి' అని.

ఓ దినం పొద్దుగాల మేం డివిజన్ అవతలి కొసకు ఓట్లడగ పోయినం. వదినె నా పక్కనే ఉండె. ఓ ఇంటి ముందట బొట్టు పెడుతుంటే ఆమె ఫోన్ మోగింది. బాయిల పైకప్పు కూలిందట, అన్న దాని కిందున్నడట. కరపత్రాలు ఆడనే పడేసి దవాఖానకు ఉరికినం. మేం పోయేసరికే పానం పోయింది.

మాపటీలి శవాన్ని ఇంటికి తెచ్చిండ్రు. వదినె తల నా ఒళ్లె పెట్టుకోని ఏడుస్తున్నది. అంబులెన్సు నుంచి దించుతుండంగనే గల్లీ మొదట్ల నా గొంతు ఇనబడ్డది. 'నేను మీ ఇంటి ఆడబిడ్డను...'

ఆటో డ్రైవర్ పొద్దటి నుంచి అవతల గల్లీల పొంటి తిరుగుతున్నడు. అతనికి ఎవ్వలు చెప్పలే. నాకు యాదికే రాలే. రోజూ తిరిగినట్టే మా గల్లీలకు మళ్లిండు.

వదినె తల లేపి నా మొఖం చూసింది. అన్నోళ్ల తమ్ముడు పాడె కట్టే కాడి నుంచి లేచిండు. "శవం కాడ గూడ ఓట్లేనా అక్కా?"

చెప్పుల్లేకుంట ఉరికిన. శవాన్ని చూసినంక డ్రైవర్‌కు ఏ బటన్ ఒత్తాల్నో తెలుస్తలేదు. నేనే వైరు గుంజిన. వాపసొచ్చేసరికి వదినె పక్కన వేరేటోళ్లు కూసున్నరు. ఎవ్వలు జరగలే. నేను తలుపు కాడ నిలబడ్డ.

జరసేపటికి పార్టీలోళ్లు పూలదండలు పట్టుకోని వచ్చిండ్రు. శవం పక్కన నిలబడి ఫోటోలు దిగిండ్రు. "మేమున్నం, వదినెకు నౌకరి ఇప్పిచ్చే పూచీ మాది" అన్నడొకాయన. బాయిల పానం పోయినోళ్ల ఇంట్ల ఒకలకు కంపెనీ నౌకరి ఎట్లయిన వస్తదని అందరికి ఎర్కే. అయిన ఆయనకు చేతులు జోడిచ్చిండ్రు.

ఇంటికొచ్చి మా ఆయనతోని "ఇగ నాతోని గాదు, పేరు తీసేద్దాం" అన్న.

"తీసే గడువు దాటిపోయింది. బ్యాలెట్ మీద నీ పేరు ఉంటది" అన్నడాయన.

మైకు బంద్ చేపిచ్చిన. ఒక్కదాన్నే నడుసుకుంట ఇంటింటికి పోయిన. నాకంటె ముందే ఆ ముచ్చట పోయింది. ఓ ముసలవ్వ తలుపు సగం తీసి, "మనిషి పోయిన పూట గంత ఆత్రమేందే బిడ్డా?" అన్నది. అట్ల గాదవ్వా అని జరిగింది చెప్పిన. ఇంకో ఇంట్ల గూడ చెప్పిన. చెప్పుకునేకొద్ది నాకే అబద్ధం లెక్క అనిపిచ్చింది. ఇగ చెప్పుడు మానేసిన.

ఓడిపోయిన. మా గల్లీ ఓట్లు గూడ నాకు పడలే. గెలిచినామె మంచిదో చెడ్డదో నాకు తెల్వది. ఆమె ఊరేగింపు మా ఇంటి ముంగటికెల్లే పోయింది.

దినాలు అయినంక వదినె తాన పోయిన. చాయ్ పోసి ఇచ్చింది.

"నీ తప్పు గాదని నాకెర్కే" అన్నదామె. "గని గా దినం యాదికొస్తే నాకు గా మైకే ఇనబడ్తది. ఆయన మొఖం ఎట్లుండెనో యాదికొస్తలేదు. ఏం జేద్దు చెప్పు? కొన్ని రోజులు రాకు."

సరే అన్న. చాయ్ గిలాస కడిగి బోర్లిచ్చి వచ్చిన.

ఆమెకు కంపెనీ ఆఫీసుల నౌకరి అయింది. ఇంకో కాలనీల క్వార్టర్ ఇచ్చిండ్రు. సామాను ట్రాలీల ఎక్కిచ్చే దినం బీరువా మెట్ల కాడ ఇరుకుపడ్డది, మనుషులు సరిపోతలేరు. మా ఆయన పోయి చెయ్యేసిండు. నేను మిషను ముందట కూసున్న గాని కుట్టలే. బండి కదిలేదాక తలుపు తియ్యలే.