చిట్టీ తీసిన పుట్టినరోజు

మా అత్త పోయింది. పోయిన నెల, పొద్దున చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. వంటింట్లోంచి పిలిస్తే పలకలేదు. అలిగిందనుకున్నాను. అలగడం ఆమెకు కొత్త కాదు, పట్టించుకోకపోవడం నాకూ కొత్త కాదు. హుజూరాబాద్ నుంచి డాక్టరు వచ్చేసరికి ఆయన చేయడానికేమీ మిగల్లేదు.

ఆమె గురించి రాస్తానంటే మా ఆయన నా మొహం వింతగా చూశాడు. "అవ్వ ముచ్చట నువ్వు రాస్తవా? మీ ఇద్దరికి ఎన్నడు పడ్డదని?" అన్నాడు. నిజమే, పడలేదు. పప్పులో ఉప్పు దగ్గర మొదలైతే పడుకునేదాకా ఏదో ఒకటి నడుస్తూనే ఉండేది. ఇప్పుడు పప్పులో ఉప్పు ఎక్కువైనా అడిగే దిక్కు లేదు. ఇంత పెద్ద ఇల్లు బోసిపోయి ఉంది. నేనే రాయాలి, ఆమెను నా అంత దగ్గరగా చూసినవాళ్ళు ఇంకెవరున్నారు?

అడగకూడనిది అడగడం ఆమె అలవాటు. పిల్లను చూడవచ్చిన పెళ్ళికొడుకును "తాగుతవా?" అని మొహం మీదే అడిగేది. సిగ్గుతో నేను లోపలికి తప్పుకుంటే, "అడుగకుంట కడుపుల పెట్టుకుంటే ఏమొస్తది?" అని వెనక నుంచి కేకేసేది.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే, అరవై తొమ్మిదిలో, మా ఇంటి ముందు గదిలోకి ఒక అమెరికా అబ్బాయి దిగాడు. కోళ్ళ పెంపకం నేర్పడానికి వాళ్ళ సర్కారు పంపిన వాలంటీరు. బ్లాకు ఆఫీసు వాళ్ళు అడిగితే మా మామ కాదనలేకపోయాడు. ఆ అబ్బాయి తెలుగు వాళ్ళ దేశంలోనే నేర్చుకుని వచ్చాడు, కానీ ఆ తెలుగు కోస్తాది. ఇక్కడేమో కాలేజీలు మూతబడి, పిల్లలంతా జై తెలంగాణ అంటూ సడకుల మీద ఉన్నారు. అలాంటప్పుడు ఆరడుగుల తెల్లవాడు "నమస్కారమండీ, నేను వచ్చానండీ" అంటే ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. మా అత్త మాత్రం నవ్వలేదు. "వచ్చినవ్ గదా, కూసో. తిన్నవా?" అంది. కొన్నాళ్ళకు వాడూ "తిన్న అవ్వా" అనడం మొదలుపెట్టాడు.

వాడు తెచ్చిన తెల్లకోళ్ళంటే ఆమెకు చిరాకు. "గుడ్డు పెడుతయి గని పొదుగయి. గివేం కోళ్ళు బిడ్డా?" అని పొద్దున్నే దండకం ఎత్తుకునేది. అయినా వాడు ఊళ్ళు తిరగబోతే వాటికి నూకలు చల్లేది ఆమే.

వియత్నాం యుద్ధం గురించి మాకు చెప్పింది వాడే. తన దేశంలోనూ కాలేజీ పిల్లలు యుద్ధం వద్దంటూ రోడ్ల మీదికి వచ్చారనీ, పోలీసులు కొడుతున్నారనీ చెప్పాడు. మా అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతూ విని, "ఆడ గూడ గిట్లనేనా?" అంది. అమెరికా అంటే ఏ కష్టమూ లేని చోటని అప్పటిదాకా అనుకున్నట్టుంది.

ఆ చలికాలం ఒకరోజు వాడు కంచం ముందు కూర్చుని అన్నం ముట్టలేదు.

"ఏమైంది బిడ్డా? పానం బాగలేదా?"

వాడు చెప్పాడు. ఒక గాజు జాడీలో ఏడాదిలోని తేదీలన్నీ వేసి ఒక్కొక్కటే తీశారట. ముందు ఎవరి పుట్టినరోజు వస్తే వాళ్ళను ముందు యుద్ధానికి పిలుస్తారట. తనది చాలా ముందు వచ్చింది. ఇక్కడ పని ఉన్నన్నాళ్ళు ఆపుతారు, తిరిగి వెళ్ళగానే పిలుపు వస్తుంది.

మా అత్తకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "చిట్టీ తీసినట్టు తీసిన్రా పిలగాండ్లను?" అంది.

మర్నాడు పొద్దున్నే వాణ్ణి వెంటబెట్టుకుని బడికి బయల్దేరింది. ఏం చేస్తుందోనన్న భయంతో నేనూ వెనకాలే వెళ్ళాను. మా ఊళ్ళో ఎవరికీ పుట్టిన తేదీ తెలియదు. బడిలో వేసిన రోజు పెద్దసారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి ఏదో ఒకటి రాసేవాడు. ఆ లెక్కన ఊళ్ళో సగం మంది ఒకే రోజు పుట్టారు. మా ఆయనా మా మరిదీ కూడా, వేర్వేరు సంవత్సరాల్లోనే అయినా, ఆ రోజే పుట్టారు.

"సారూ, గీ పిలగాని పుట్టిన దినం మార్చాలె," అంది మా అత్త.

పెద్దసారు వాడి వంక, ఆమె వంక మార్చిమార్చి చూశాడు. "అమ్మా, గీయన మన బళ్ళె సదువలే గదా."

"సదువకుంటేంది? మా ఇంట్ల తింటుండు. మా చిన్నోనికి రొండేండ్లు తక్కువ జేసి రాయలేదా మీరు?"

"మనోళ్ళు నమ్ముతరు. అమెరికా సర్కార్ నమ్ముతదా?"

"సర్కార్ ఏడనైన సర్కారే. ముద్ర ఉంటె నమ్ముతది."

నాకు నవ్వు ఆగలేదు. పెద్దసారు కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె వాడి వైపు తిరిగి, "అన్నిటికంటె ఆఖరుకు ఏ దినం తీసిన్రు?" అని అడిగింది. వాడు చెప్పలేదు. "అవ్వా, నేను పోకుంటే నా బదులు ఇంకొకరు పోతరు," అన్నాడు.

"వాని అవ్వ వానికి రాపిచ్చుకుంటది. నువ్వు ఆ దినం చెప్పు."

వాడు చెప్పాడు. పెద్దసారు ఆ ఆఖరి తేదీతో కాగితం రాసి, సంతకం చేసి, బడి ముద్ర గట్టిగా వత్తాడు. "నా సంతకం కరీంనగరే దాటదమ్మా," అన్నాడు నెమ్మదిగా. కాగితం తీసుకున్న ఆ అబ్బాయి కళ్ళు తుడుచుకోవడం చూశాక నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

మరుసటి వానాకాలంలో వాడు వెళ్ళిపోయాడు. అమెరికా చేరానని ఒక కార్డు వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. సాయంత్రం రేడియోలో వార్తలు కాగానే మా అత్త ఏ పనిలో ఉన్నా తల బయటపెట్టి, "యుద్ధం ఒడిసిందా?" అని అడిగేది. ఏళ్ళ తరబడి అడిగింది. చివరికి ఒకరోజు మా మామ అయిపోయిందని చెప్పాడు. "అయితె ఇల్లు జేరి ఉంటడు," అని లోపలికి పోయింది. ఆ మాట ఆమె నమ్మిందో, మాకోసం అందో నాకు తెలియదు. ఆ తర్వాత కొన్నాళ్ళు రేడియో పెడితే చాలు, లేచి వెళ్ళిపోయేది.

ఆ మధ్య కువైట్ యుద్ధమప్పుడు ఊరంతా టీవీల ముందే కూర్చుంది. మా వాడకట్టు పిల్లలు కొందరు ఆ దేశాల్లోనే ఉన్నారు మరి. తెర మీద అమెరికా సిపాయిలు కనబడగానే, "మల్ల చిట్టీలు తీసిన్రా?" అని అడిగింది. ఇప్పుడు చిట్టీలు లేవు, ఇష్టమున్నవాళ్ళే చేరతారు, జీతమిస్తారు అని చెప్పాను.

"జీతానికి పోతరా?" అంది. "అంటే మనోళ్ళు దుబాయి పోయినట్టే. ఇంట్ల ఎల్లనోళ్ళే, తిండికి లేనోళ్ళే పోతుండొచ్చు." నేను చదివిన ఏ పేపరూ ఆ ముక్క అంత తేటగా చెప్పలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు, చెబితే ఇంకో ఏడాది నెత్తినెక్కి కూర్చునేది.

ఆమె పోవడానికి ఏడాది ముందు, ఒక మధ్యాహ్నం ఇంటి ముందు కారు ఆగింది. బట్టతల, కాస్త పొట్ట ఉన్న తెల్లాయన దిగాడు. "అవ్వా, నేను, కోళ్ళాయనను," అన్నాడు. మా అత్తకు అప్పటికే చూపు మందగించింది. దగ్గరకు పిలిచి మొహం తడిమింది, భుజాలు తడిమింది, రెండు చేతుల వేళ్ళూ పట్టి చూసింది. "కాళ్ళు చేతులు అంత సక్కగున్నయా బిడ్డా?" అంటూ ఏడ్చింది. ఆమె అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఆగలేదు.

యుద్ధానికి వెళ్ళానన్నాడు. ఏడాది ఉన్నానన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. మేమూ అడగలేదు. బతికి వచ్చాడు, అది చాలు మాకు.

మా అత్తకు చాలలేదు. కళ్ళు తుడుచుకుని, వాడి చేతులు వదలకుండానే అడిగింది.

"ఎవలనన్న సంపినవా బిడ్డా?"

అన్నేళ్ళూ వాడు చచ్చిపోతాడనే మేము భయపడ్డాం. ఇదొకటి ఉంటుందని నాకు తట్టనే లేదు. వాడు తల వంచుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు.

ఆమె మళ్ళీ అడగలేదు. "లే బిడ్డా, అన్నం తిందువు," అంది.

పెరట్లో నీళ్ళ గోలెం దగ్గరికి తీసుకెళ్ళింది. చెంబు ముంచి, వంగి, వాడి చేతుల మీద నీళ్ళు పోయసాగింది. చేతులు కడుక్కునేవాళ్ళు రెండుసార్లు రుద్దుకుని చాలంటారు. వాడు చాలనలేదు. దోసిలి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చెంబు అయిపోయింది. ఆమె చూడకుండానే దాన్ని నా వైపు చాచింది. నింపి ఇచ్చాను, పోసింది. మళ్ళీ చాచింది. లోపల వడ్డించిన అన్నం చల్లారిపోతోంది. ఇద్దరిలో ఎవరూ చాలనలేదు. నేను చెంబు తీసుకుని మళ్ళీ గోలెంలో ముంచాను.