అలమారా తలుపు మీద ఖాళీ చీటీ

రిమ్మా అర్కాద్యెవ్నా దగ్గర రష్యన్ నేర్చుకోవాలంటే ముందు ఏదో ఒక మాట మీద మనసు పారేసుకోవాలి. రష్యాలో కోస్త్రొమా అనే ఊళ్లో విదేశీ విద్యార్థులకు ఏడాది పాటు భాష నేర్పే తరగతి ఒకటుంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అందులో పాఠం చెబుతోంది ఆవిడ. గదిలో పాత చెక్క అలమారా ఉంది. కొత్త సంవత్సరం వచ్చేలోగా ప్రతివాళ్లూ తమకు నచ్చిన ఒక్క రష్యన్ మాట చీటీ మీద రాసి ఆ తలుపుకు అంటించాలి. ఎందుకు నచ్చిందో నలుగురి ముందు చెప్పాలి. ప్రేమ, స్నేహం, వోద్కా, ఈ మూడు మాటలూ నిషేధం.

"అవి ఊరందరికీ నచ్చుతాయి. నీకేం నచ్చిందో అది చెప్పు నాయనా" అనేది.

మొదట్లో ఆవిడా అందరిలాంటి పంతులమ్మే. పదకొండేళ్లు "ఇది బల్ల, ఇది దీపం" అని వల్లె వేయించింది. పిల్లలు తరగతిలో చిలకల్లా పలికేవారు, వీధిలోకి వెళ్తే నోరు కుట్టేసినట్టు ఉండేవారు. ఓ చలికాలం యెమెన్ కుర్రాడికి న్యుమోనియా వస్తే ఆస్పత్రికి చూడబోయింది. పాపం ఏడుస్తూ ఉంటాడనుకుంది. వాడు మంచం మీద లేచి కూర్చుని, మొహం చేటంత చేసుకుని, "కిపితోక్" అన్నాడు. సలసల మరిగే నీళ్లని అర్థం. పొద్దున్నే నర్సమ్మ ఆ మాట కేకేసుకుంటూ వరండాలో తిరిగేదట. మరిగే నీళ్లకు విడిగా ఒక పేరా, ఆ పేరు కూడా కుతకుత ఉడుకుతున్నట్టే ఉందేమిటి అని అరగంట మాట్లాడాడు. అంతకు ముందు మూడు నెలల్లోనూ వాడు అన్ని మాటలు మాట్లాడలేదు. ఆవిడ మంచులో ఇంటికి నడుస్తూ దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది. అవసరమైన మాటలు నేర్పుతూ కూర్చుంది ఇన్నేళ్లూ. మనిషి నోరు తెరిచేది నచ్చిన మాట కోసం. మర్నాడే అలమారా తలుపు ఖాళీ చేసింది.

ఈ ఏడాది చీటీలు కూడా ముచ్చటైనవే. పెరూ నుంచి వచ్చిన విల్మెర్ "పచిముచ్కా" అని రాశాడు. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసే పిల్లల్ని ఇక్కడ అలా అంటారు. "చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను అరగంట సేపు తిట్టేది. ఇక్కడ ఒక్క మాటలో తిట్టేస్తున్నారు, అదీ ముద్దుగా" అన్నాడు. వియత్నాం పిల్ల థూయ్‌కి "పదస్తకాన్నిక్" నచ్చింది. రైల్లో టీ గ్లాసుకు తొడిగే లోహపు పిడి అది. అంత చిన్న వస్తువుకు అంత పొడుగు పేరేమిటని నవ్వి, మెట్లు దిగుతున్నట్టు టకటకా పలికి చూపించేది. సిరియా కుర్రాడు విసామ్ ఎంచుకున్న మాట "అవోస్". ఏమో, ఎలాగో గట్టెక్కుతాంలే అని. "ఆ ఒక్క మాట మీదే మా దేశం సగం కట్టారు, మిగతా సగం దాని మీదే కూలింది. జాగ్రత్తగా వాడుకో" అంది రిమ్మా.

హసీనా చీటీ మాత్రం ఖాళీ.

మడగాస్కర్ పిల్ల. చేతిరాత ముత్యాలు, రాత పరీక్షలో ఎప్పుడూ మొదటి మార్కే. నోరు మాత్రం పెగలదు. వచ్చిన మొదటి వారంలో రొట్టెల కొట్టు వరసలో ఆమె మాటకు ఎవరో పకపకా నవ్వారు. అంతే, ఆ పిల్ల గొంతు అక్కడే ఆగిపోయింది. కొత్త సంవత్సరం నాడు అందరితోపాటు చీటీ అంటించింది, తెల్లటి కాగితం. రిమ్మా దాన్ని పీకలేదు.

ఫిబ్రవరిలో విభాగాధిపతి వలెంతీన్ ప్రోఖరొవిచ్ పిలిచి చెప్పాడు. "రిమ్మా అర్కాద్యెవ్నా, ఆ అమ్మాయిని ఇంటికి పంపించేద్దామండీ. మాట్లాడలేని మనిషి వైద్యం ఏం చదువుతుంది? రోగిని చీటీ రాసిమ్మంటుందా?"

"జూన్ దాకా ఆగండి. ఆ పిల్లకు నేను పూచీ" అంది రిమ్మా.

"నోటి పరీక్ష తప్పిందంటే ఇక నేను చేసేదేమీ ఉండదు. ఉపకార వేతనం ఆగిపోతుంది, ఇంటికి విమానం ఎక్కాల్సిందే."

"తెలుసండీ. అందుకే జూన్ అంటున్నాను."

జూన్ రానే వచ్చింది. పరీక్ష ఊరికి అవతలి కొసన ఉన్న భవనంలో, తొమ్మిదిన్నరకు. ఎనిమిదిన్నరకే నలుగురినీ వెంటేసుకుని రిమ్మా ట్రాలీబస్సు స్టాపుకు చేరింది. బస్సు కనబడుతుండగా హసీనా సంచి తడుముకుని తెల్లబోయింది. పాస్‌పోర్టు కిటికీ గట్టు మీదే ఉండిపోయింది. అది లేందే లోపలికి రానివ్వరు.

"మీరు ముగ్గురూ వెళ్లండి, మేం వెనకాలే వస్తాం" అని రిమ్మా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని హాస్టలు వైపు పరుగు తీసింది. అరవై ఒక్క ఏళ్ల మనిషి, మోకాళ్లు మొరాయిస్తున్నా పరుగు ఆపలేదు.

పాస్‌పోర్టు చిటికెలో దొరికింది. చిక్కల్లా గుమ్మం దగ్గరొచ్చింది. కాపలా ఉండే గ్లఫీరా అవ్వ కుర్చీ అడ్డంగా జరిపి కూర్చుంది.

"బయల్దేరినవాళ్లు వెనక్కొచ్చారు. అద్దం చూసుకోకుండా ఎక్కడికి పంతులమ్మా?"

దారిలోంచి ఇంటికి తిరిగొస్తే కీడు. మళ్లీ బయల్దేరేముందు అద్దంలో మొహం చూసుకుని, నాలుక చాపి వెక్కిరిస్తే ఆ కీడు పోతుంది. అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతే. ఇలాంటివన్నీ మూఢనమ్మకాలని తరగతిలో ఒక పాఠమంతా నవ్విస్తూ చెప్పిన మనిషి రిమ్మా. గోడ మీద రెండు డిప్లొమాలున్నాయి ఆవిడకి. అయితే ఏం, కాలు గుమ్మం దాటనంది. చూస్తే గోడకు అద్దమే లేదు. వేసవి కదా, రంగులేస్తున్నారు. అద్దం దింపి స్టోరు గదిలో పెట్టి తాళమేశారు, తాళంచెవి పట్టుకుని వార్డెనమ్మ ఊరవతల తన తోటకెళ్లింది.

"రోజూ సంచిలో అద్దం ఉంటుంది, ఇవాళే లేదు. వెతకవే అవ్వా, టైమైపోతోంది" అంది రిమ్మా సంచి పైపైన తడిమి.

"కంగారుపడితే కీడు రెట్టింపవుతుంది. ఆగు" అంటూ అవ్వ సొరుగులన్నీ లాగింది. గోడకు ఆకుపచ్చ రంగు పూస్తున్న మేస్త్రీ కుంచె పక్కన పెట్టి తనూ జేబులు వెతుక్కున్నాడు. చివరికి అవ్వ బల్ల మీద టీ నీళ్లు మరిగించే ఇత్తడి సమోవార్ దొరికింది. నిన్ననే తోమింది కాబోలు, తళతళలాడుతోంది. రిమ్మా వంగి చూసింది. బూరెల్లాంటి బుగ్గలతో ఓ ముసలమ్మ కనబడింది, ఆమెకు నాలుక చూపించింది. తర్వాత హసీనా. ఎందుకైనా మంచిదని అవ్వ. ఊరికే ఉండడం దేనికని మేస్త్రీ.

తొమ్మిదీ ఇరవై అయింది.

"నా వ్యాన్ ఉంది, ఎక్కండి" అన్నాడు మేస్త్రీ. రంగు డబ్బాల మధ్య కూర్చున్నారు ఇద్దరూ. వోల్గా వంతెన మీద వాహనాలు బారులు తీరాయి. వ్యాన్ ఆగేసరికి గడియారం పదికి తొమ్మిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. రిమ్మా దాన్ని చూసింది. చూసి, హసీనా మోచేతికి అంటిన ఆకుపచ్చ రంగు రుమాలుతో తుడుస్తూ, "ఉస్పేలి" అంది. రొప్పుతూ, తలుపు మూసేలోగా లోపల పడ్డవాళ్లు అనే మాట అది. మనమందరం వేళకు అందుకున్నాం అని.

లోపల పరీక్షకులు ముగ్గురూ కాగితాలు సర్దుతున్నారు. టీచర్లకు ప్రవేశం లేదు. రిమ్మా తలుపు సందులోంచి చూస్తోంది.

"ఇరవై నిమిషాలు ఆలస్యం. ఎందుకు?" వలెంతీన్ ప్రోఖరొవిచ్ కలం మూత కూడా పెట్టేశాడు.

హసీనా పాస్‌పోర్టు అంచు నలుపుతోంది. వసారాలో విల్మెర్ వేళ్లు విరుచుకుంటున్నాడు. లోపలికి దూసుకెళ్లి జవాబు తనే చెప్పాలని రిమ్మాకు నాలుక దురద పెట్టింది. పళ్ల కింద నొక్కి పెట్టింది.

"వెనక్కి వెళ్లాం" అంది హసీనా.

"వెనక్కా?" చివర కూర్చున్న పెద్దావిడ తలెత్తింది. "దారిలోంచా? అద్దం చూసుకున్నావా అమ్మాయ్?"

"అద్దం లేదండీ."

ముగ్గురు పరీక్షకులకూ ఒక్కసారే ఊపిరాగింది. "లేకపోతే మరి?"

"రంగులేస్తున్నారు. అద్దం స్టోరులో, తాళంచెవి తోటలో. గ్లఫీరా అవ్వ కుర్చీ అడ్డం పెట్టింది. చంపినా పంపను అంది. అప్పుడు సమోవార్..."

ఇక ఆ పిల్ల ఆగలేదు. మాటలు తప్పుతున్నాయి, తోసుకుంటున్నాయి, ఒక్కోచోట కొంకర్లు పోతున్నాయి, అయినా ఆగలేదు. సమోవార్‌లో తన ముక్కు ఎంత లావుందో చెప్పింది. మేస్త్రీ నాలుక మీద కూడా పచ్చ రంగుందని చెప్పింది. "నాలుక ఎలా చాపావు, చూపించు" అంటే చూపించింది. పెద్దావిడ నవ్వలేక కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఎవరో తన మాటకు నవ్వుతున్నారు, ఆ పిల్ల ఇంకా గట్టిగా చెబుతోంది. తలుపు బయట రిమ్మా సంతోషంతో విల్మెర్ భుజం పట్టుకుని ఊపేసింది.

వలెంతీన్ ప్రోఖరొవిచ్ చేతిని బల్ల కిందికి పోనిచ్చి చెక్కను మూడు సార్లు తట్టాడు, దిష్టి తగలకుండా. తర్వాత కలం మూత తీశాడు.

"ప్రశ్న చీటీ తీయలేదండీ ఇంకా" అంది హసీనా.

"ఇంకేం తీస్తావులే తల్లీ. వెళ్లు, అయిదు మార్కులు."

పై మార్కు అయిదే. నలుగురూ తరగతి గదికి తిరిగొచ్చేదాకా విసామ్ ట్రాలీబస్సులో అందరికీ ఆ కథే చెప్పాడు. హసీనా తిన్నగా అలమారా దగ్గరకెళ్లి, ఆరు నెలల ఖాళీ చీటీ మీద ఒక్క మాట రాసింది. ఉస్పేలి.

"ఎందుకు?" అంది రిమ్మా. ఎవరినీ వదలదు కదా.

"వ్యాన్ దిగినప్పుడు గడియారం ఆలస్యమైంది అంటోందండీ. మీరూ చూశారు. అయినా ఉస్పేలి అన్నారు." హసీనా వేలితో చీటీ అంచు నొక్కింది. "దాంట్లో అవ్వ ఉంది, మేస్త్రీ ఉన్నాడు, మీరున్నారు. నేనొక్కదాన్నే పరీక్షకు వెళ్లానని అనుకోలేదు."

ఎవరి చీటీకైనా రిమ్మా ఏదో ఒకటి అనకుండా ఉండదు. ఈసారి కళ్లు తుడుచుకుంది. మొహం చూసుకుందామని అలవాటు కొద్దీ సంచి తెరిచి అద్దం కోసం వెతుక్కుంది. అద్దం అడుగున ఇంకో రుమాలులో చుట్టి ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉంది.