ఎండిన చెరువుకు బాగినం

గ్రామసభలో చెరువు గురించి మాట్లాడడానికి లేచాను. అప్పుడే అన్న ఫోను చేసి మేనత్త పోయిందన్నాడు. సభ వదిలేసి ఇంటికి పరిగెత్తాను.

మా ఊరి పక్క సర్జాపుర దారిలో అపార్టుమెంట్లు లేచాక, వాన నీళ్ళు తెచ్చే రాజకాలువ పూడి మా చెరువు ఎండింది. కాలువ తవ్వుకుని చెరువును చూసుకునే హక్కు మా ఊరివాళ్ళకే ఇమ్మని అత్త ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆఫీసర్లేమో కంచె, సిమెంటు గట్టు, ఫౌంటెను ఉన్న బొమ్మ చూపేవాళ్ళు. నేను కరపత్రాల్లో చదివిందంతా అరిచేవాణ్ణి. "గొంతు దాచుకోప్పా, గడ్డపార ఎత్తేటప్పుడు ఊపిరి కావల్ల," అనేది అత్త. ఆ ఎండిన చెరువులోకి దిగేటప్పుడు కూడా చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టేది.

చెరువు నిండి అలుగు పారితే మా ఆడవాళ్ళు చాటలో పసుపు, కుంకుమ, గాజులు పెట్టి, పైన ఇంకో చాట మూసి గంగమ్మకు ఇస్తారు. బాగినమంటారు. పోయిన గౌరి పండగకు అత్త ఎండిన చెరువుకే బాగినమిచ్చింది. ఒట్టి నేలకిస్తే ఇచ్చినవాళ్ళనే అది పిలుచుకుంటుందని అమ్మ చెయ్యి పట్టి లాగింది. అత్త వినలేదు. ఎమ్మెల్యేనూ పిలిపించింది.

ఆయన నవ్వాడు. "ఏమమ్మా, పీనుగుకు గాజులు తొడగతాండావా?"

"పీనుగని ఎవురు చెప్పిరి సార్? రేపు పొద్దున మీ మనిషిని పంపండి."

మర్నాడు ఆ మనిషి వచ్చి చాట ఎత్తాడు. చుట్టూ బీటలు, చాట కింద మాత్రం తడి. చాట వదిలేసి వెనక్కి వెనక్కి నడిచాడు. మట్టిలో చెమ్మ అంతే అని నేను వాదించాను.

"ఏదైనా కానీ, లోపల ఉండాది గదా," అంది అత్త.

ఆ వారమే ఎమ్మెల్యే కబురు పంపాడు: కాలువ మీరే తవ్వి చూపిస్తే చెరువు మీకే, తవ్వకం ఆగితే కంట్రాక్టరుకు.

తవ్వకం సగంలో ఉండగా అత్త నిద్రలోనే పోయింది. చెరువు పిలుచుకుందన్నారు. నాకు ఒళ్ళు మండి పాడె ముందే వాళ్ళను తిట్టాను. మర్నాటి నుంచి ఎవరూ పనికి రాలేదు.

అత్త దినం అయిన మర్నాడు తెల్లవారి గట్టెక్కాను. చెరువు నిండా పొగమంచు, పాత నీటి గుర్తు దాకా సమంగా నిలిచి ఉంది. కొందరు పారలు పట్టుకుని వచ్చారు గానీ దిగలేదు. ఇంతలో అమ్మ వచ్చి నా చేతిలోని గడ్డపార లాక్కుంది.

"ఆడ మా వదిన ఒక్కతే తవ్వతాండాది. మీరేమి చూస్తాండారు?"

దిగింది. మంచు మోకాళ్ళకు, నడుముకు, మెడకు వచ్చింది. ఆమె వెనక ఒక్కొక్కరే దిగారు. తెల్లటి మంచు మీద తలలు మాత్రం కాలువ వైపు కదులుతున్నాయి. వాళ్ళింకా అక్కడికి చేరనేలేదు. మంచు అడుగున మట్టి తెగుతున్న చప్పుడు వినిపించింది.