వాడి సంగతి చూడండి

ఇనప తుక్కు యార్డులో ఆమెను అందరూ దుబాసీ అక్క అనేవారు. తల్లి సరిహద్దు అవతలి మనిషి, తండ్రి ఇవతలివాడు. రెండు భాషలూ ఉగ్గుపాలతోనే వచ్చాయి. పొద్దంతా రాగి తీగలు ఒలుస్తూ, అవతలి నుంచి వచ్చిన కూలీలకు మేస్త్రీ మాటలు విడమరిచి చెప్పేది. ఎన్నిసార్లు అర్థం అడిగినా విసుక్కునేది కాదు. "తల తింటున్నాడంటే నిజంగా కొరుక్కు తినడం కాదురా నాయనా!" అని నవ్వించేది.

ఆ మధ్యాహ్నం కాటా దగ్గర మేస్త్రీకీ హమాలీకీ మాటా మాటా పెరిగింది. మేస్త్రీ హమాలీని తల్లితో కలిపి తిట్టాడు. హమాలీ కాటాకున్న గొలుసు అందుకుని అతని మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు ఊడి నేల మీద పడ్డాయి. ఇద్దరూ కలియబడి దొర్లారు. చివరికి తల కాటా అంచుకు కొట్టుకుని, హమాలీ ఉన్నచోటే కూలబడ్డాడు. మేస్త్రీ నెత్తురు ఉమ్మి, అతనికేసి చెయ్యి చూపించి, "వాడి సంగతి చూడండి" అని పంపు దగ్గరికి నడిచాడు.

అక్కడ నిలబడ్డవాళ్లు అవతలి నుంచి వచ్చి వారమైనా కాని అన్నదమ్ములు.

"ఏమంటున్నాడక్కా?" అన్నాడు పెద్దవాడు.

వాళ్ల భాషలో కట్టు కట్టడానికి ఒక మాట, ఒళ్లు హూనం చెయ్యడానికి మరొకటి. రెండూ ఇమిడే మాట లేదు. ఆమెకు మేస్త్రీ కళ్లలోని కసి గుర్తుంది. రెండో మాటే చెప్పేసింది.

అన్నదమ్ములు పైపులు అందుకున్నారు. మొదటి దెబ్బకే హమాలీ మోచెయ్యి ఫెళ్లుమంది. "ఆపండ్రా!" అని ఆమె రెండు భాషల్లోనూ అరిచింది. అడ్డం పడితే భుజం మీద పైపు దిగింది. అప్పటికే హమాలీ దవడ ఒక పక్కకు జారిపోయింది.

"ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాను సార్. ఈవిడే తిప్పి చెప్పింది," అన్నాడు మేస్త్రీ స్టేషన్లో, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని.

"ఆ మాటకు అర్థమేంటమ్మా?" అన్నాడు ఎస్సై.

"రెండున్నాయి సార్."

"రెండు కుదరవు. ఒక్కటి చెప్పు."

"ఆయన మనసులో ఏముందో ఆయనకే తెలియాలి సార్. కొట్టమని చెప్పింది మాత్రం నేనే."

అన్నదమ్ములకు నాలుగేళ్లు పడ్డాయి, ఆమెకు ఏడాది. మేస్త్రీ కట్టుడు పళ్లతో మళ్లీ పనిలో చేరాడు.

విడుదలైన మర్నాడే ఆమె హమాలీ ఇంటికి వెళ్లింది. అతను మంచం మీద లేచి కూర్చుని, అతుకు తప్పిన దవడతో ఏదో అరిచాడు.

"ఆయన మాట నాకే అంతుపట్టదు వదినా, ఏమనుకోకు. కూర్చో," అంది అతని భార్య, వచ్చిందెవరో తెలియక.

"నన్ను కొట్టమంటున్నాడమ్మా. ఆ రోజు వాళ్లను ఉసిగొల్పిన నోరు ఇదే."

భార్య మొగుడికేసి చూసింది. అతను తలూపాడు. ఆవిడ పొయ్యి మీది ఇనప గరిటె తీసి ఆమె నుదుటి మీద బలంగా కొట్టింది. చర్మం చీలింది. దుబాసీ అక్క చెయ్యి అడ్డం పెట్టలేదు. మరో దెబ్బ చెవి మీద పడింది. హమాలీ మళ్లీ ఏదో గొణిగాడు.

"ఇప్పుడేమంటున్నాడు?" అంది భార్య రొప్పుతూ.

"ఇంకా కొట్టమంటున్నాడు."

ఆవిడ గరిటె నేలకేసి కొట్టి, తలుపు చూపించింది.