పెద్ద మోత లేని పాట

కొడవలూరులో మోటార్లకు వైండింగ్ చేసే నవీద్ ఆదివారం కొట్టు షట్టరు సగం దించేసేవాడు. రాగి తీగచుట్టలు ఓ మూలకు నెట్టి, గిటారు తీసేవాడు. చర్చిలో కీబోర్డు వాయించే మెర్లిన్ టీచరు వచ్చేది. వెంకటాచలం నుంచి పెంచలకృష్ణ డ్రమ్ములు ఆటోలో వేసుకుని వచ్చేవాడు. అతనికి వరి సేద్యం, పెళ్లిళ్ల కాలంలో బ్యాండు.

వాళ్ల పాటలకు మాటలుండవు. పోస్ట్‌రాక్ అంటారు ఆ తరహా సంగీతాన్ని. గిటారు ఒంటరిగా మెల్లగా మొదలవుతుంది. కీబోర్డు చేరుతుంది. అట్లా పెరిగి పెరిగి చివర్న ఒక్కసారిగా పెద్ద మోత. నెల్లూరులో ఒక కాలేజీ వేడుకలో ఇలాంటివి నాలుగు వాయిస్తే పిల్లలు ఈలలేసి గోల చేశారు. ఐదోది కడుతుండగా వచ్చింది చిక్కు.

కొట్టు వెనకే ఇల్లు. నవీద్ నాయనమ్మ బీజాన్ గడప దగ్గర చిన్న ఉల్లిపాయలు వలుస్తూ వింటోంది. పాట చివరికి వస్తుండగానే, "ఇంక వాయగొడతారు చూడు" అంది. ఆ మాట పూర్తయ్యీ కాకుండానే పెంచలకృష్ణ డ్రమ్ములు బాదేశాడు.

నవీద్ వాయించడం ఆపేశాడు. "నీకెట్ట తెలిసింది జేజీ?"

"తెలీకేం అబ్బయా. నాలుగూ అట్టనే గదా పోయినాయి."

మెర్లిన్ పకపకా నవ్వింది. నవీద్‌కు మాత్రం ముఖం మాడిపోయింది. మరుసటి ఆదివారం మోతతోనే మొదలుపెట్టి చివర్న తగ్గించుకుంటూ వచ్చారు. "చొక్కా తిరగేసి తొడుక్కుంటే కొత్తదయిపోద్దా?" అంది బీజాన్. ఆ తర్వాత మూడు వారాలు ఏం వాయించబోయినా చేతులు ఆ పాత మెట్లే ఎక్కుతున్నాయి.

ఒకరోజు మధ్యాహ్నం నీళ్లలో మునిగిన మోటారొకటి బాగుకు వచ్చింది. నవీద్ విప్పి చూస్తే లోపలంతా ఎండిన ఒండ్రు. టీ తెచ్చిన బీజాన్ అది చూసి పక్కనే కూర్చుంది.

"పెన్న పొంగినప్పుడు మన ఇంటి మోటారూ ఇట్టనే అయింది" అని మొదలుపెట్టింది. అప్పుడు వాళ్లు ఏటి కట్ట పక్కన ఉండేవాళ్లు. నవీద్ చెన్నైలో పనిలో ఉన్నాడు. ఫోన్లో అందరూ చెప్పింది నీళ్ల ఎత్తు గురించే.

"మన పక్క వీధి ఆదిశేషమ్మ వాళ్ల మిద్దె మీద పదకొండు రోజులున్నాం. నమాజు చేసుకోమని నాకు ఆయమ్మ పడమటి గది ఖాళీ చేసిచ్చింది. మన మేకను తోలుకుపోయినాం గదా, అది ఆయమ్మ పెంచుకుంటున్న కరివేపాకు మొక్కను మోడు చేసేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయమ్మ ఏమనిందో తెలుసా? 'పోనీలే అక్కా, దానికీ నోరు రుచి చచ్చిపోయుంటది' అనింది."

చెబుతూ చెబుతూ బీజాన్ ఆదిశేషమ్మ ఇంటి పప్పుచారులోకి పోయింది, మళ్లీ మేక దగ్గరికి వచ్చింది, అక్కడినుంచి ఆయమ్మ తమకు పరిచిన కొత్త చాపలోకి పోయింది.

"నీళ్లు ఏమాత్రం వచ్చినాయి జేజీ?"

"కిటికీదాకా. దాందేముంది, అది అందరూ చెప్తారు." మళ్లీ కరివేపాకు మొక్క.

టీ చల్లారిపోయింది. అరగంట వరద కథ చెప్పింది గానీ ఎక్కడా వరదను పొంగించలేదు. అయినా నవీద్ కదలకుండా విన్నాడు. ఆ సాయంత్రమే గిటారు మీద చిన్న వరుస ఒకటి దొరికింది. అది పైకెక్కదు. కాస్త పక్కకు పోయి, కొంచెం మారి మళ్లీ వస్తుంది.

ఆదివారం వినిపిస్తే మెర్లిన్‌కు నచ్చింది. పెంచలకృష్ణకు కోపం వచ్చింది.

"మరి నేనేం చెయ్యాలన్నా? గుడ్లప్పగించి చూస్తా కూర్చోవాల్నా?"

"నాకూ తెలీదు కృష్ణా. మోత మటుకు వద్దు."

అతను డ్రమ్ములు ఆటోలోకి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. పై ఆదివారం రాలేదు. ఇక రాడనే అనుకున్నాడు నవీద్. ఆ పై వారం ఒక్క డ్రమ్ము చంకన పెట్టుకుని వచ్చాడు.

"నువ్వు ఫోనుకు పంపిన పాట మడికి నీళ్లు కడతా పదిసార్లు ఇన్నా. దీన్ని కొట్టకూడదన్నా, ఊరికే చెయ్యి ఆనించాల" అన్నాడు. కర్రలు తేలేదు. వేళ్లతోనే వాయించాడు.

నెల్లూరులో ఆ పాట వాయిస్తే ఈలలు పడలేదు. కొందరు మధ్యలోనే లేచిపోయారు. ముందు వరసలో ఒకమ్మాయి మాత్రం చివరిదాకా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నవీద్‌కు అంతే చాలనిపించింది.

తర్వాత బీజాన్ పట్టుబట్టి అందరినీ ఆదిశేషమ్మ ఇంటికి తీసుకుపోయింది. వసారాలో వాయించారు. పాట ఆగాక ఆదిశేషమ్మ అడిగింది, "ఎవురి కోసం కట్టినావు నాయనా?"

"మీ కోసమే అవ్వా. వరదలో మా వాళ్లను మీ ఇంట్లో పెట్టుకున్నందుకు."

"నేనేం చేసినానంట?" ఆమె నిజంగానే తెలియక అడిగింది. బీజాన్ ఆమె చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు నవీద్ పెంచలకృష్ణ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు తిరిగి రాకపోయుంటే ఈ పాట లేదు కృష్ణా."

"సరేలే అన్నా" అన్నాడతను సిగ్గుపడుతూ, "ఆటో వచ్చింది, ఎక్కు. రేపు నాకు నాట్లుండాయి."