ప్రశ్నలమ్మ కూతురు

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర కునికిపాట్లు పడే కాపలా మనిషి దాకా అందరికీ ఆమె ప్రశ్నలమ్మే. తిండి జబ్బుల విభాగానికి వచ్చినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అచ్చేసిన ప్రశ్నలు ఒక్కొక్కటే చదివి, జవాబుకు తగ్గ అంకె వేయడం ఆమె పని. ఆపుకోలేకుండా తింటారా? తిన్నాక తప్పు చేసినట్టుంటుందా? తిన్నది కక్కేయాలనిపిస్తుందా? అడిగేటప్పుడు గొంతులో జాలి వినపడకూడదు, వెటకారం అసలే వినపడకూడదు. అంకెలన్నీ కూడితే గీత దాటినవాళ్లకు వార్డులో మంచం. దాటనివాళ్లకు ఓ నమస్కారం.

ఆ గొంతు ఊరికే వచ్చిందా? ఉద్యోగం కొత్తలో నాలుక తడబడి చచ్చేది. ఇంట్లో సాధన చేద్దామంటే మనిషేడీ? మొగుడు ఎప్పుడో తన దారి తను చూసుకున్నాడు. మిగిలింది బడికెళ్లే కూతురు. దాన్నే రోగిలా కూర్చోబెట్టేది. పిల్లకు అదో ఆట.

"కక్కేయాలనిపిస్తుందా అండీ?"

"అబ్బే, ఎప్పుడూ లేదండీ!" కాలు మీద కాలేసుకుని, పెద్దమనిషిలా సాగదీసి చెప్పేది. ఏ జవాబుకు అంకె పెరుగుతుందో, ఏ జవాబుకు పెరగదో కూడా తల్లే ముచ్చటపడి నేర్పింది. ఎంత తెలివో నా బంగారానికి అని బుగ్గ గిల్లి మురిసిపోయింది కూడాను.

ఇప్పుడా పిల్ల బట్టల దుకాణంలో పనిచేస్తోంది. చూడ్డానికి బొద్దుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తినగానే స్నానాల గదిలో దూరి, కుళాయి పెద్దగా తిప్పి ఏం చేస్తోందో తల్లికి అర్థమయ్యేసరికి ఏళ్లు గడిచిపోయాయి. లోకంలో అందరి కడుపులో మాట కక్కించే మనిషి, సొంత ఇంట్లో ఇంత మొద్దునిద్ర పోయిందంటే ఎవరితో చెప్పుకుంటుంది, పాపం!

ఒకరోజు పిల్ల దుకాణంలోనే విరుచుకు పడిపోయింది. రక్తంలో లవణాలు అడుగంటాయని, ఇలాగే సాగితే గుండె ఆగిపోవచ్చని అక్కడి డాక్టర్లు అన్నారు. తల్లి పిల్లను కాళ్లావేళ్లా పడి బతిమాలి తన విభాగానికి తీసుకొచ్చింది. సొంతవాళ్లను అడగకూడదు కనుక తోటి ఉద్యోగిని ప్రశ్నలు అడుగుతుంటే, తలుపు ఇవతల చెవి పెట్టి నిలబడింది.

"అబ్బే, ఎప్పుడూ లేదండీ!"

అదే సాగదీత.

అంకెలు గీత దాటలేదు. ప్రశ్నలమ్మ పెద్ద డాక్టరు గదిలోకి దూసుకుపోయింది. "అంతా అబద్ధమండీ! ఆ జవాబులన్నీ నేను నేర్పినవే!"

"నమ్ముతానమ్మా. కానీ తను పెద్దపిల్ల. తన నోటితో తను ఒప్పుకోకుండా నేను బలవంతంగా చేర్చుకోలేను."

"పోనీ మెదడు స్కాను తీయండి. మీ పరిశోధనకు తీస్తున్నారుగా! నోరు అబద్ధమాడినా మెదడు ఆడదు కదండీ."

ఎందుకనో పిల్ల దానికి సరేనంది. యంత్రంలోకి పంపేముందు తల్లే ఉంగరం తీసింది. వేలి కణుపు మీద, గొంతులోకి వేళ్లు పెట్టుకునేటప్పుడు పళ్లు గీరుకున్న పుండు, ఎండి చెక్కు కట్టి ఉంది.

"ఇదేమిటే?"

"దుకాణం షట్టరు గీరుకుంది. వదులు."

సొరంగంలాంటి ఆ యంత్రంలో పిల్ల కళ్లకు ఓసారి నిండు కంచాలు, ఓసారి ఉత్త కుర్చీలు చూపించారు. అద్దం ఇవతల తల్లి కొంగు నలుపుకుంటూ కూర్చుంది. కొన్నాళ్లకు డాక్టరు పిలిచి బొమ్మ చూపించాడు.

"ఇదిగో, ఇక్కడ ఎర్రగా ఉంది! జబ్బు ఇదేనా?" ప్రశ్నలమ్మ ప్రాణం లేచొచ్చింది.

"ఆకలేస్తే నాకూ అక్కడ ఎర్రబడొచ్చమ్మా. చాలామందివి కలిపి చూస్తేనే ఏదో తేడా తెలుస్తుంది. ఒక్క మనిషి బొమ్మ చూసి ఈ జబ్బుందని చెప్పలేం." ఆయన కళ్లు దించుకున్నాడు. "నన్ను క్షమించండి."

ఆ సాయంత్రం పిల్ల కంచం ఖాళీ చేసి లేచింది. స్నానాల గది గడియ పడింది. కుళాయి మోగింది.

ప్రశ్నలమ్మ తలుపుకు నుదురు ఆనించింది. ఇన్నేళ్ల సాధన ఏమైపోయిందో, వినపడకూడని జాలంతా గొంతులో వినపడింది. "అమ్మా, బంగారం... నన్ను చంపకే. కక్కుతున్నావు కదూ? ఒక్కసారి అవునను తల్లీ, చాలు."

లోపల దగ్గు.

"అబ్బే, ఎప్పుడూ లేదండీ."

కుళాయి ఇంకాస్త పెద్దగా తిరిగింది.